పదిమందికి తక్కువ వండని అమ్మ

మా అమ్మకు వంట రాదని అంటే హాస్టల్లో నాలుగు వందల మంది పిల్లలు నా మీద పడి కొడతారు. ఇరవై రెండేళ్లుగా వాళ్లకు వండిపెట్టేది ఆమే. ఇంట్లో మాత్రం వంట నాన్నది. అమ్మ తెల్లవారకముందే వెళ్లి, భుజం లాగేస్తోందంటూ సాయంత్రానికి వచ్చి పడేది.

ఈ ఏడు హాస్టల్ వాళ్లు కొత్త రూలు తెచ్చారు. వంటల కాలేజీలో పరీక్ష పాసై సర్టిఫికెట్ తెస్తేనే ఉద్యోగం, లేకపోతే ఒకటో తారీఖు నుంచి ఇంకొకరు వస్తారు. ఆ పరీక్ష మాత్రం ఎంతని? నలుగురికి సరిపడా కూరగాయల సూప్ చెయ్యాలి, అంతే. విని నేను ఎగిరి గంతేశాను.

ఆ నలుగురే నా ప్రాణం తోడేశారు. అమ్మ ఉప్పు గుప్పెటతో వేస్తుంది. ఆ గుప్పెడు సరిగ్గా పదిమందికి సరిపోతుంది. అంతకంటే చిన్న కొలత ఆ చేతికి తెలియదు. చిన్న గిన్నె పెట్టి, పక్కన తూకం యంత్రం పెట్టి నేను కాపలా ఉన్నా, అటు తిరిగి క్యారెట్ అందుకునేలోగా గుప్పెడు పడిపోయేది. ఇక చూడాలి, నీళ్లు పోసేది, మరో రెండు బంగాళాదుంపలు తరిగేది, గిన్నె మార్చేది. రుచి కుదిరేసరికి పదిమంది సూప్ తయారు! తాగడానికి ఇంట్లో ఉన్నది నలుగురం. మూడు వారాలు రెండు పూటలా అదే తాగాం. తమ్ముడు సూప్ గిన్నె చూస్తేనే లేచి వెళ్లిపోయేవాడు.

"గ్రాముల్లో వెయ్యమ్మా! ఆ అంకెలు చూడు!"

"అంకెలు చూస్తూ కూర్చుంటే ఉల్లిపాయలు మాడిపోవూ?"

"పోనీ స్పూనుతో వెయ్యి."

"స్పూనుతో వేస్తే మందు పోసినట్టుంటుందే."

గోడకు చెప్పుకున్నా ఈపాటికి నేర్చుకునేది.

పరీక్ష రోజు నవ్వు మొహంతో తిరిగొచ్చింది.

"గిన్నెలు నాకేశారనుకో!"

"ఎవరు?"

"పరీక్ష పెట్టిన మేడమ్, నాతో పరీక్షకొచ్చిన పిల్లలు, అందరూ."

"ఎంతమంది అమ్మా?"

"పదిమంది," అని గొంతు తగ్గించింది. "గుప్పెడు పడ్డాక నీళ్లు పోయక ఏం చెయ్యమంటావే?"

రుచికి పూర్తి మార్కులు, పరిమాణానికి సున్నా. ఫెయిల్. ఆ రాత్రి నేను అనరాని మాటలన్నీ అన్నాను.

నెలాఖరున హాస్టల్ నుంచి ఫోనొచ్చింది, కొత్త వంటమనిషి కోసం కొలతలు రాసి పంపమని. అమ్మ చెబుతుంటే నేను రాశాను.

"ఉప్పు నలభై గుప్పెళ్లు."

"ఎవరి గుప్పెళ్లు? అతని చెయ్యి ఎంతుంటుందో నీకేం తెలుసు?" అని విసుక్కుంటూ తూకం యంత్రం తెచ్చి ముందు పడేశాను. "వెయ్యి."

గుప్పెడు ఉప్పు వేసింది. అరవై గ్రాములు. నమ్మకం కుదరక మళ్లీ వెయ్యమన్నాను. అరవై. మూడోసారీ అరవై. పదిమందికి అరవై అయితే నలుగురికి ఇరవై నాలుగు. పరీక్షలో ముందే అంత తూచి గిన్నెలో పెట్టుకుని, అదే వెయ్యమంటే సరిపోయేది.

"నీ గుప్పెడు ఇంత కచ్చితమని ముందే చెప్పొచ్చు కదమ్మా!" అని అరిచాను.

"నువ్వు అడిగావా?" అంది.

అడగలేదు. మూడు వారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు.