ఎడమవైపు తక్కువ పలికిన పెట్టె

రెండు నిమిషాల పని చేయకుండానే చేశానని చెప్పి, ఒక పెద్దాయనను ఆయన కూర్చునే చోటు నుంచి లేపించాను. ఇది పోయిన ఏడాది సంగతి. ఇప్పటికీ దీన్ని నాకు అనుకూలంగా చెప్పుకునే దారి దొరకలేదు.

మాది వరంగల్‌లో బట్టల దుకాణం. యాభై దాటాక నాకు పాత గ్రామఫోన్ రికార్డుల పిచ్చి పట్టింది. రికార్డు నుంచి వచ్చే సన్నని చప్పుడును కొంచెం పెంచి పెద్ద ఆంప్లిఫయర్‌కు అందించే పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని ప్రీ ఆంప్లిఫయర్ అంటారు. కొనుక్కోవచ్చు. నేను కట్టుకుంటానన్నాను, అదీ పాతకాలపు గాజు వాల్వులతో. మా ఆవిడ ఎందుకని అడిగింది. వాల్వుల ధ్వని వెచ్చగా ఉంటుందని చెప్పాను. వరంగల్‌లో వెచ్చదనానికి కరువేముందని ఆమె మళ్లీ అడగలేదు కానీ, ముఖం అదే అన్నది.

వాల్వులు ఇచ్చినవాడు కాక, అంటే బాబాయి. మా బంధువు కాదు, అందరికీ కాకే. హన్మకొండలో రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాక ఆయన కొడుకు అదే దుకాణంలో సెల్‌ఫోన్ కవర్లు, ఛార్జర్లు పెట్టాడు. కాకకు మూలన ఒక బల్ల మిగిలింది. మిక్సీలు, మైకుసెట్లు, అప్పుడప్పుడు నావంటి వాళ్ల పెట్టెలు ఆ బల్ల మీదికి వచ్చేవి. డెబ్బై ఐదేళ్లు. చెయ్యి కొద్దిగా వణికేది. రెండు మూడు పనులు తిరిగి వచ్చాయట. ఇంకొక్క కంప్లైంట్ వస్తే బల్ల తీసేస్తానని కొడుకు చెప్పేశాడు. నా ముందే చెప్పాడు, కాబట్టి నాకు తెలియదనడానికి లేదు.

దసరా తరువాతి వారం పెట్టె కట్టడం పూర్తయింది. పాట పెట్టాను. కుడివైపు చక్కగా వచ్చింది. ఎడమవైపు పక్కింట్లో పాడుతున్నట్టు వచ్చింది. కాసేపటికి కాస్త పెరిగి, మళ్లీ తగ్గింది. ఒక్కో వైపుకు ఒక్కో వాల్వు. ఎడమ వాల్వు చెడిందని అక్కడికక్కడే తీర్పు చెప్పి, దాన్ని గుడ్డలో చుట్టుకుని కాక దగ్గరికి పోయాను.

"రెండు వాల్వులు అటుదిటు మార్చి చూసినవా బిడ్డా?" అన్నాడు.

ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు పెట్టి చూడాలి. తక్కువ చప్పుడు వాల్వుతోపాటు అటు పోతే లోపం వాల్వుది. ఎడమవైపే ఉండిపోతే లోపం కట్టినవాడిది. ఈ రంగంలో మొదటి పాఠం ఇదే. నేను చూడలేదు. బాగా పలుకుతున్న కుడివైపును కదిలించడమెందుకని ఊరుకున్నాను.

"చూసిన కాకా," అన్నాను.

రంగు పోయిందని చీర తిరిగి తెచ్చేవాళ్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. "చన్నీళ్లల్లనే ఉతికినవా అమ్మా?" అని అడిగితే, "చన్నీళ్లల్లనే" అంటారు. ఆ మాట అనేటప్పుడు ముఖం ఎలా పెడతారో నాకు బాగా తెలుసు. ఆ రోజు నేను ఆ ముఖమే పెట్టాను.

కాక నావైపు కొంచెం ఎక్కువసేపే చూశాడు. లేచి, పెండ్లిళ్ల మైకుసెట్టు కోసం తానే కట్టుకున్న పాత ఆంప్లిఫయర్ తెరిచి, అందులోంచి ఒక వాల్వు పీకి ఇచ్చాడు. "గిది నేను రోజు ఇంటాన. జర పైలం," అన్నాడు.

దాన్ని పెట్టినా ఎడమవైపు అంతే. రెండు రోజుల తరువాత మళ్లీ పోయాను. దుకాణం నిండా గిరాకీ. కాక చేతిలో పెట్టి మెల్లగా చెప్పవచ్చు. నేను ద్వారం దగ్గర నుంచే, "కాకా, ఇది గూడ ఖరాబే," అన్నాను.

కొడుకు ఎవరి ఫోనుకో అద్దం అతికిస్తున్నాడు. తల ఎత్తలేదు. "ఇన్నవా నాయినా? ఒకటి గాదు, రెండు. నేనంటె నీకు కోపం. గిప్పుడు బయటోళ్లే అనవట్టిరి."

"అన్న మార్చి చూసిండట గదరా," అన్నాడు కాక. వాల్వును చొక్కా జేబులో వేసుకున్నాడు. మొదటి వాల్వు తిరిగి ఇస్తే తీసుకుని వచ్చేశాను.

ఆ ఆదివారం పొద్దున, చేయడానికి వేరే ఏమీ మిగలక, వాల్వులు అటుదిటు మార్చాను. చెడిపోయిందన్న వాల్వు కుడివైపు హాయిగా పాడింది. నిన్నటిదాకా బాగున్నది ఎడమవైపు గొణిగింది. కరెంటు తీగ పీకేసి, వాల్వు కాళ్లు దిగే పింగాణీ సాకెట్టులోకి టార్చి వేశాను. రంధ్రాలు పచ్చగా ఉన్నాయి.

"ఏందయ్యా అది?" అన్నది మా ఆవిడ.

"పసుపు."

"ఎవరు పెట్టిండ్రు?"

"నేనే."

దసరాకు మా దుకాణంలో అన్నిటికీ పూజ చేస్తాం. కత్తెరకు, మీటరు బద్దకు, క్యాలిక్యులేటరుకు నేనే బొట్లు పెడతాను. ఆ యేడు సగం కట్టిన పెట్టెనూ తెచ్చి వరుసలో పెట్టాను. నా చెయ్యి ధారాళం. తడి పసుపు సాకెట్టులోకి కారి, ఎండి, గడ్డకట్టింది. వాల్వు కాలికి లోపలి రేకు సరిగ్గా అంటడం లేదు. కార్డు గీసే మిషను కూడా ప్రతి దసరాకు రెండు రోజులు పనిచేయదు. అప్పుడు మేము బ్యాంకును తిడతాం.

"మరి పాపం ఆ కాకను ఎందుకన్నవు?" అన్నది మా ఆవిడ.

స్పిరిటు, పాత పళ్ల బ్రష్షు తీసుకుని సాకెట్టు కడిగాను. రెండు వైపులా సమానంగా వచ్చింది. ఇంత కష్టపడి తెచ్చుకున్న ధ్వనిని నేను సగం పాట కూడా వినలేకపోయాను.

వెంటనే పోయి చెప్పవలసింది. తొమ్మిది రోజులు పోలేదు. పెండ్లిళ్ల సీజను, గిరాకీ ఎక్కువ అనుకున్నాను. గిరాకీ నిజమే. ఆ తొమ్మిది రోజుల్లో రెండుసార్లు హన్మకొండ పోయి, ఆ సందు తప్పించి తిరిగి వచ్చిన మాట కూడా నిజమే.

పదో రోజు పోతే మూలన బల్ల లేదు. కొత్త అద్దాల షోకేసు ఉంది. నాయిన ఇంటికాడనే ఉంటాండని కొడుకు చెప్పాడు. చెప్పవలసింది అక్కడే చెప్పకుండా, ఖిలా వరంగల్ దాటి వాళ్ల ఇంటికి పోయాను. బల్ల వాకిట్లో ఉంది. దాని మీద వడియాలు ఎండుతున్నాయి. కాక పక్కనే కుర్చీ వేసుకుని కాకులను తోలుతున్నాడు.

అంతా చెప్పాను. పసుపు సంగతి, అబద్ధం సంగతి, తొమ్మిది రోజుల సంగతి.

"సాకెట్టే అని నాకెర్కనే," అన్నాడు. "రెండు వాల్వులు ఒక్కదిక్కే చెడుతయా?"

"మరి ఆడనే అనకపోతివి కాకా?"

"నువ్వు చూసినన్నవు గద. అందరి ముందట నిన్ను అబద్ధాలోనివి అనాల్నా?"

క్షమించమని అడిగాను.

"నాకెందుకు చెప్తానవు? నేను సద్దుకున్న. యాడన్నవో ఆడ చెప్పు. వాడు రమ్మంటె వస్త. వడియాల కాడ కాకులు తోలుడు నాతోని గాదు."

సాయంత్రం దుకాణంలో ఐదారుగురు ఉన్నారు. ద్వారం దగ్గరే నిలబడి, పోయినసారి ఎంత గట్టిగా అన్నానో అంత గట్టిగా, వాల్వులు మంచివేననీ, నేను మార్చి చూడలేదనీ, తప్పు నా పెట్టెదనీ చెప్పాను.

"అంకుల్, జర జరుగుండ్రి, ఎలుతురు అడ్డమొస్తాంది," అన్నది కవరు రంగు చూసుకుంటున్న ఒక అమ్మాయి. జరిగాను.

కొడుకు చేతిలో పని ఆపాడు. "గీ ముచ్చట పది రోజుల ముందు చెప్తె ఏం పోయె అన్నా? గీ షోకేసుకు మొన్ననే నట్లు బిగిపిచ్చిన."

"చెప్పాల్సుండె."

కొడుకు అద్దాల వైపు, ద్వారం వైపు చూశాడు. "సరే, నాయినను రమ్మను. బల్ల నువ్వే తేవాలె."

మరునాడు ట్రాలీ ఆటోలో తెచ్చాను. షోకేసు తిన్న అడుగున్నర జాగా తిరిగి రాలేదు. ఎటు తిప్పినా బల్ల లోపల పట్టలేదు. వెనక కాళ్లు దుకాణంలో, ముందు కాళ్లు బయట ఇటుకల మీద పెట్టాం. కాక కూర్చుని, అరచేత్తో బల్ల ఊపి చూసి, ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టమన్నాడు. పెట్టాను. ఇప్పుడు సగం దుకాణంలో, సగం వీధిలో కూర్చుని పని చేస్తాడు. వాన వస్తే లేచి బల్ల మీద ప్లాస్టిక్ పట్టా కప్పాలి, దానికి ఇద్దరు కావాలి. మబ్బు పడితే నేను పోయి రెండో కొస పట్టుకుంటాను. ప్రతిసారీ కాదు. మా దుకాణంలో గిరాకీ లేనప్పుడు.