కలపని చుక్కలు

నా తోడికోడలంటే నాకు అసూయ. ఉన్నదాన్ని లేదని ఎందుకు చెప్పాలి? గుణదలలో ఒకటే మేడ మాది, కింద మేం, పైన వాళ్లు. ఆమె కాపురానికి రాకముందు నుంచీ మా వీధిలో ముగ్గంటే నాదే. పండగొస్తే పక్కింటివాళ్లు కూడా నన్నే పిలిచేవారు.

మొన్న వేసవిలో కాలవలు కట్టేసి, కుళాయిలు సన్నబడ్డాక, కాలనీవాళ్లు నీళ్ల పొదుపు మీద ముగ్గుల పోటీ పెట్టారు. గెలిచిన ముగ్గును కాలవగట్టు పక్కనున్న పొడవాటి గోడ మీద రంగుల్లో వేయిస్తారట. ఆ గోడ నాకు కావాలి. మర్నాటికి చెరిగిపోయే చోట ఇన్నేళ్లు వేశాను, ఒక్కటైనా నిలవాలని ఉండదా?

పొద్దున్నే మోటారు వేసి, నాకిచ్చిన జాగా అంతా పైపుతో కడిగాను. నీళ్లు పొదుపు చెయ్యమనే ముగ్గు కోసం సగం వీధి తడిపానన్న సంగతి అప్పుడు తట్టనే లేదు. బిందె, తామరపూలు, చేపలు, చుట్టూ లతలు వేశాను. చూసినవాళ్లందరూ బాగుందన్నారు.

ఆవిడగారు మాత్రం పొడినేల మీదే మొదలుపెట్టింది. పైన బ్యారేజీ, అక్కణ్ణుంచి లావుపాటి గీతలు. కిందికొచ్చేకొద్దీ వాటిని సన్నం చేసి, చివరి వరసల్లో ఉత్త చుక్కలు పెట్టి లేచిపోయింది. నాకు లోపల ఎంత హాయిగా ఉందో! చుక్కలు కలపకుండా ముగ్గు వదిలేస్తారా ఎవరైనా?

"ముగ్గుపిండి అయిపోయిందేమోనండీ, పాపం," అన్నాను, జడ్జిగా వచ్చిన డ్రాయింగు టీచరుగారికి వినబడేలా.

"ఏమ్మా, ఇక్కడ కలపలేదేం?" అని టీచరుగారు అడిగారు.

"అది మా పుట్టింటి ఊరండీ," అంది నా తోడికోడలు. "కాలవకి చిట్టచివర, శివారు. పైవాళ్లందరూ పొలాలకి నీళ్లు పెట్టుకున్నాక మాకొచ్చేది ఆ చుక్కలేనండి."

నా చేపల వైపు మళ్లీ ఒక్కరూ చూడలేదు. గోడ ఆమెదయింది.

కడుపు మండిపోయింది. పోనీ అంతటితో వదిలిందా? సాయంత్రం కిందికి దిగి, "అక్కా, గోడ మీద కుంచె పట్టడం నాకు చేతకాదు. మీరు వేసిపెడతారా?" అంది. ఎంత ఒళ్లు మండినా గోడ గోడే కదా. సరేనన్నాను.

రోజూ ఎండెక్కకముందే వెళ్లి వేశాను. అడుగు వరసలకు వచ్చేసరికి చెయ్యి దాని దారిన అది పోయింది. చూసుకునేసరికి చుక్కలన్నీ కలిపేశాను. గుమ్మం ముందు ఒంటి చుక్క మిగలనివ్వని మా అమ్మ పెంపకం మరి. ఇంతలో నా తోడికోడలు టీ పట్టుకుని వచ్చింది.

గోడ వైపు అలా చూస్తూ నిలబడింది. "మా ఊరికి నీళ్లిచ్చేశారా అక్కా," అంది. నవ్వుతోందనుకున్నాను. చూస్తే కళ్లు తుడుచుకుంటోంది.

టీ గ్లాసు నా చేతికిచ్చి, "చెరిపెయ్యండి. ఇంకా రాలేదుగా," అంది.

సున్నం పూసి మళ్లీ చుక్కలు పెట్టాను. గోడంతా నా చేత్తో వేసిందే. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం తిన్నగా ఆ చుక్కల దగ్గరికే పోతారు.