నూట ఇరవై నాలుగు దాకా

మొన్న ఆదివారం మా అక్క కూతురు కొత్త కంప్యూటర్ బిగించుకుంటూ నన్ను ఫరీదాబాద్ రమ్మంది. రమ్మనడం పేరుకే, అన్నీ తనకే తెలుసు, నేను చేయవలసిందల్లా పక్కన కూర్చుని స్క్రూలు అందించడం. మదర్‌బోర్డు పెట్టెలోంచి తీసి, "మామయ్యా, ఇస్‌మే ఏక్ బటన్ హై, దబావో తో అప్నే ఆప్ ఓవర్‌క్లాక్ హో జాతా హై" అంది. తెలుగులో అడిగితే హిందీలో చెప్పడం దానికి మాటలొచ్చినప్పటి నుంచీ అలవాటు. ఒక్క బటన్ నొక్కితే చాలు, బోర్డు తన వేగానికి హద్దు తానే వెతుక్కుంటుందట, దాటితే తానే వెనక్కి వచ్చేస్తుందట. ఇంతలో అక్క వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "పాత డిస్కులో నీ కాలేజీ పనంతా సేవ్ చేసుకున్నావా? మళ్ళీ ఒకసారి చెయ్యి. ఇంకోసారి చెయ్యి" అంది. పిల్ల పకపకా నవ్వింది. నేను మాత్రం తల వంచుకుని స్క్రూలు లెక్కపెట్టాను.

అక్క దేన్నయినా మూడుసార్లు ఎందుకు సేవ్ చేయిస్తుందో ఆ ఇంట్లో ఎవరూ అడగరు. నాకు తెలుసు కనక నేనసలే అడగను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నోయిడా పక్కనే, మెట్రో ఇంకా అటు రాని వైశాలిలో రెండు గదుల అద్దె వాటాలో ముగ్గురం ఉండేవాళ్ళం. అక్క ఆసుపత్రిలో నర్సు, ఆమె జీతం మీదే ఇల్లు గడిచేది. బావ సివిల్ సర్వీసులకు చదువుతున్నాడు, అదే ఆయనకు ఆఖరి ప్రయత్నం. నేను నోయిడాలో ఒక కంప్యూటర్ పత్రికలో పనిచేసేవాణ్ణి. మార్కెట్లోకి వచ్చిన ప్రతి మదర్‌బోర్డునూ ఎంతవరకు పరుగెత్తించవచ్చో చూసి ఒక అంకె రాయడం నా ఉద్యోగం. బోర్డు మీద ఒక గడియారం ఉంటుంది, దాని లెక్కన మిగతావన్నీ నడుస్తాయి. కంపెనీ వాడు వంద దగ్గర పెట్టి పంపుతాడు. మనం ఒక్కొక్క అంకే పెంచుతూ, గంటసేపు పెద్ద పెద్ద లెక్కలు చేయిస్తూ, ఎక్కడ బిగుసుకుపోతుందో చూడాలి. మీలో ఆ రోజుల్లో నీలం తెర ముందు కూర్చుని ఆ అంకెలు మార్చినవాళ్ళుంటే ఆ సరదా ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. పరీక్షకు వాడే హార్డ్ డిస్కుకు ఎర్ర టేపు చుట్టి ఉండేది, అందులో ఎవరి పనీ ఉండకూడదు. చేరిన మొదటి వారమే ఒక సీనియర్ నాకు దాని కారణం చెప్పాడు. గడియారం పెంచితే డిస్కుకు పోయే దారి కూడా వేగం పెరుగుతుంది, మిషన్ ఆగిపోవడం చివరన జరిగేది, దానికి చాలా ముందే డిస్కు మీద రాతలు చప్పుడు లేకుండా చెడిపోతుంటాయి అని. నేను తలూపాను. తెలియక చేశానని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు.

ఇంట్లో ఉన్న కంప్యూటర్ నేను కొన్నదే అయినా వాడేది అక్క. బావ చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు. క్యాలెండర్ వెనకా, బస్సు టికెట్ల మీదా, విడికాగితాల మీదా రాసుకున్న నోట్సునంతా అక్క నైట్ డ్యూటీ దిగి వచ్చి, రెండిడ్లీలు తిని, కళ్ళు మూతలు పడుతుంటే నీళ్ళు కొట్టుకుని టైపు చేసేది. ఒక పాఠం పూర్తయితే ఆ కాగితాలు పాత సామాన్లు కొనే కబాడీవాడికి వేసేసేవాళ్ళు, గదిలో చోటు లేక. రెండేళ్ళ చదువంతా ఆ డిస్కులోనే ఉంది.

అప్పుడే ఒక బోర్డు నాకు అప్పగించారు. ఆఫీసులో అది నూట పదిహేను దాటలేదు. పోటీ పత్రిక వాళ్ళు నూట ఇరవై అని అచ్చేశారు. "క్యా మద్రాసీ, బస్ ఇత్నా హీ?" అంటూ, నీ సత్తా ఇంతేనా అన్నట్టు ఎడిటర్ అందరి ముందూ నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో ఉన్నదీ అదే రకం బోర్డు. ఆదివారం అక్కా బావా చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్ళగానే, ఆఫీసు పనుందని నేను ఇంట్లో ఉండిపోయి, క్యాబినెట్ తలుపు ఊడదీసి మొదలుపెట్టాను. ఎర్ర టేపు డిస్కు ఆఫీసు బీరువాలో ఉంది. ఒక్క పూటకు అదెందుకులే అనుకున్నాను.

నూట పద్దెనిమిది దగ్గర మిషన్ తిరిగి లేస్తూ, డిస్కు తనిఖీ చేస్తానని తానే అడిగింది. వద్దని ఒక మీట నొక్కాను. మరుసటి ఆదివారం నూట ఇరవై దగ్గర మళ్ళీ అడిగింది, మళ్ళీ నొక్కాను. ఎందుకో అనుమానం వచ్చి అక్క ఫైలు ఒకటి తెరిస్తే, మొదటి పేజీ బాగానే ఉంది, రెండో పేజీ నిండా పిచ్చి గుర్తులు. అక్కడ ఆగి ఉండవలసింది. ఇది ముందు నుంచే ఇలా ఉందేమో అని నాకు నేనే చెప్పుకుని ఆ ఫైలు మూసేశాను. కింద మెట్ల మీద వాళ్ళ చెప్పుల చప్పుడు వినిపించేసరికి నూట ఇరవై నాలుగు దగ్గర గంట పూర్తయింది. గబగబా వంద దగ్గర పెట్టి తలుపు బిగించాను. ఆ రోజు ప్రార్థనలో బావ పరీక్ష గురించి ప్రత్యేకంగా జ్ఞాపకం చేశారని అక్క సంతోషంగా చెప్పింది.

పత్రికలో నూట ఇరవై నాలుగు, పూర్తిగా నమ్మదగింది అని అచ్చయింది. ఎడిటర్ సమోసాలు తెప్పించాడు.

మెయిన్స్‌కు నెల ముందు అన్నీ ప్రింటు తీయిద్దామని అక్క ఫైళ్ళు తెరవడం మొదలుపెట్టింది. ఒకటి తెరుచుకోలేదు. ఇంకొకటి తెరుచుకుంది గాని సగం గుర్తులే. ముందుజాగ్రత్తగా ఫ్లాపీల్లో దాచింది కదా అని అవి పెట్టి చూస్తే, వాటిలోకి ఎక్కినవీ చెడిపోయాక పాతవాటి మీదే మళ్ళీ తీసిన నకళ్ళే. అక్క కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని, "నిద్రమత్తులో నేనే సేవ్ సరిగ్గా చెయ్యలేదేమోరా" అంది.

"అయ్యుంటుంది అక్కా" అన్నాను.

అంతే నేనన్నది. బావ పోనీలే బుర్రలో ఉందిగా అని కొత్త కాగితాల దస్తా తెచ్చుకుని కూర్చున్నాడు. నెల సరిపోలేదు. ఫలితాల్లో ఆయన నంబరు లేదు. తర్వాత ఫరీదాబాద్ బడిలో మాస్టరుగా చేరాడు, ఇప్పటికీ పిల్లలకు పాఠాలు చక్కగా చెబుతాడు. అక్క ఆ తర్వాత ఎప్పుడూ టైపు ముట్టుకోలేదు.

ఇప్పటి బోర్డులకు ఎంత బుద్ధి! హద్దు దాటితే తామే సర్దుకుని వెనక్కి వస్తాయి, డిస్కు దారిని అసలు కదపవు. మన రోజుల్లో ఆగడమనేది మనిషి చేతిలో ఉండేది, నా చెయ్యి ఆగలేదు. ఆ పోటీ పత్రికా లేదు, మా పత్రికా లేదు, ఆ అంకెతో పనున్నవాడు భూమ్మీద ఒక్కడూ లేడు.

నేనేం రాసినా అక్క అద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదువుతుంది. ఇదీ చదువుతుంది. అక్కా, నువ్వు సరిగ్గానే సేవ్ చేశావు.