మితభాషి మహీధర్

తారాదేవి ఈశ్వరరావుని చేసుకోవడానికి కారణం ఒక నవల. తెనాలిలో డిగ్రీ చదివే రోజుల్లో దాన్ని వదలకుండా నాలుగుసార్లు చదివింది. అందులో కథానాయకుడు మహీధర్ మాట్లాడడు. కిటికీలోంచి దూరంగా చూస్తుంటాడు. పెళ్లిచూపులకొచ్చిన ఈశ్వరరావు కూడా నోరు విప్పలేదు. కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. తారాదేవి సరేనంది.

పెళ్లయిన మూడోనాడు ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇప్పటికీ ఆపలేదు. సింగపూర్ యీషున్‌లో వాళ్లుండే బ్లాకు లిఫ్టు ఎక్కినవాళ్లు దిగేలోపు ఆయన మోకాళ్ల నొప్పుల చరిత్రంతా తెలుసుకుంటారు. మనిషి మంచివాడే. కాకపోతే పెళ్లిచూపుల్లో చూసినతను ఎటు పోయాడా అని తారాదేవికి అప్పుడప్పుడూ అనిపించేది.

మొన్నో ఆదివారం పుంగ్గోల్‌లో స్నేహితురాలు రాధ ఇంటికి భోజనానికెళ్తే, అలమరలో ఆ నవల కనబడింది. రాధ వాళ్లమ్మ పుస్తకం. అట్ట ఊడిపోయింది. తారాదేవి గబుక్కున అందుకుంది.

"ఒక్క వారంలో తెచ్చిస్తానే" అని సంచిలో పెట్టుకుంది.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూ రైల్లో తెరిచింది. నాలుగు అధ్యాయాలు దాటేసరికి ఒళ్లు మండింది. కథానాయిక జ్వరంతో మూలుగుతుంటే మహీధర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ పిల్ల అపార్థం చేసుకుని పెట్టె సర్దుకుంటే అప్పుడూ నిలబడ్డాడు.

"చెప్పి చావరాదూ!" అంది తారాదేవి, పైకే.

ఎదురు సీట్లోని చైనీస్ ముసలావిడ ఫోన్లోంచి తలెత్తి చూసి, మళ్లీ దించుకుంది. యీషున్‌లో దిగాల్సిన తారాదేవి సెంబవాంగ్‌లో దిగింది.

ఇంటికెళ్లేసరికి ఈశ్వరరావు పులుసుకి పోపు పెడుతూ, ఎవరూ లేకపోయినా, మార్కెట్లో బెండకాయల గురించి చెబుతున్నాడు.

"ఏవండీ, పెళ్లిచూపుల్లో మీరెందుకు మాట్లాడలేదు?"

"జ్ఞానదంతం. దవడ ఇంత వాచిపోయింది. అది కనబడకూడదనే కిటికీ వైపు తిరిగి కూర్చున్నా. మీవాళ్లు పెట్టిన సున్నుండ జేబులో వేసుకున్నా. ఏం?"

తారాదేవి కుర్చీలో కూలబడింది. నవ్వడం మొదలుపెట్టి, పోపు మాడు వాసన వచ్చేదాకా నవ్వింది. అప్పుడు నవల సంగతంతా చెప్పింది.

ఆయన గరిటె పట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"ఎన్ని పేజీలు?"

"మూడొందల పైనే."

"నాకంటే దవడ వాపు. వాడికేం రోగం?"

"నేనూ అదే అంటున్నా."

భోజనాల దగ్గర ఈశ్వరరావు, మహీధర్ ఎక్కడెక్కడ ఏమేం చెప్పి ఉండాల్సిందో వరసగా వివరించాడు. మజ్జిగన్నం దాకా ఆయన మాటకి తారాదేవి అడ్డు రాలేదు. కథానాయికకి జ్వరం వచ్చిన చోట మాత్రం ఆయన కాస్త ఆలోచించి, మాటలు తర్వాత, ముందు పారాసిటమాల్ వెయ్యాలన్నాడు.