చార్టులో కింది వరుస

“కింది వరుస మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనియ్యకే,” అన్నారు మా ఆయన.

“చార్టు కాగితానికి కాపలా ఏంటండీ? ముందు ఆ టీ తాగండి, చల్లారిపోతోంది,” అన్నాను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. నేను పైన బట్టలు మడతపెట్టి దిగేసరికి కుర్చీలోనే పోయారు.

రాస్తున్నావా అమ్మాయ్? నేను చెప్పింది చెప్పినట్టే రాయి.

ఆ చార్టు ఈ పరాయి దేశంలో నీ కూతురు చదివే బడి కోసం. పూర్వం జపానులో ఒక ప్రభువు దగ్గర కొలువు చేసిన సమురాయ్‌లలో ఎవరి కింద ఎవరు అన్నది గీయాలి. అది ఇంగ్లీషులో చదివి చెప్పింది, నువ్వు తెలుగులో విప్పి చెప్పావు, ఆయన గీశారు. పైన ప్రభువు. తర్వాత మంత్రులు. ఆ కింద గుర్రం ఎక్కే హక్కున్నవాళ్లు, తర్వాత నడిచి కాపలా కాసేవాళ్లు, అట్టడుగున కాల్బలం. అందరూ ఒకే దొర మనుషులు. అయినా వానలో పైవాడు ఎదురైతే కిందివాడు చెప్పులు విడిచి బురదలో వంగాలట. ఇంటికొచ్చాక పూట గడవక గొడుగులు చేసేవాడట.

ఆయన ఒకటే నవ్వు. “ఇది మా కలెక్టరాఫీసు వరండానే!” అన్నారు. ముప్పై ఏళ్లు అక్కడ బంట్రోతు. ఏ గడప బయట చెప్పులు విడవాలో, ఎవరి ముందు ఎంత వంగాలో ఆయన నడుముకి తెలుసు. కింది వరుసలో గొడుగు చేసేవాడి బొమ్మకి తన మీసమే పెట్టి, “మా తాత కూడా ఇలాంటి బంట్రోతే అని కింద రాయవే,” అన్నారు మనవరాలితో. “గ్రాండ్, తాతా,” అని, ఇక్కడి పిల్లలు సరే అనే తీరులో అనేసి, అది రాసేసింది.

ఆయన పోయిన నెలకి బడిలో చార్టులు గోడకి పెట్టారు. వెళ్లి చూస్తే వరుసలు నాలుగే. అడుగు అంచు కత్తెరతో తిన్నగా కోసి ఉంది.

ఎవరు కోశారే అంటే “ఐ డోంట్ నో, అమ్మమ్మా,” అంది పిల్ల. నా ముఖం చూడలేదు.

అల్లుడే అనుకున్నాను. ములింగార్ అనే ఊరి నుంచి స్నేహితులొచ్చినప్పుడు “మా మామగారు రెవెన్యూలో ఆఫీసర్” అని అతను చెప్పడం విన్నాను. ఆయనా విన్నారు. అందుకే కోసిన ముక్క దొరుకుతుందేమోనని రీసైక్లింగ్ డబ్బా కెలికాను. వంటింటి ప్రెస్‌లో, అదే అలమరలో, కత్తెర ఏ అరలో ఉందో రోజూ చూశాను. చివరికి అతన్నే అడిగేశాను.

“నేనెందుకు కోస్తాను అత్తయ్యగారూ? ఆ చార్టు నా కంట పడనే లేదు.”

మాట తడబడలేదు. తడబడకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

ఇందాక బంట్రోతు అనగానే నీ పెన్ను ఆగింది. “ఆఫీసులో ఉద్యోగం అని రాయనా అమ్మా?” అన్నావు. ఇప్పుడు అడుగుతున్నా. కోసింది నువ్వా?

“చార్టులు చూడ్డానికి మన టాలట్ ఊళ్లో తెలుగువాళ్లందరూ వస్తారు కదమ్మా. నాన్నని తక్కువగా అనుకుంటారని...”

ఆయనకి లేని సిగ్గు నీకెందుకే?

నువ్వన్న మాట కూడా రాయి. అల్లుణ్ణి ఊరికే అనుమానించానని రాయి. రాశావా? నువ్వు తల ఊపితే నాకేం తెలుస్తుంది? నా సంతకం తప్ప ఒక్క ముక్క చదవలేనిదాన్ని. ఏదీ, మొదట్నుంచీ చదివి వినిపించు. ఒక్క మాట కూడా మింగకు.