గాజు పళ్లెంలో పిన్నమ్మ కణాలు

మొన్న మార్కాపురంలో మా చెల్లెలి కూతురు హార్మోన్ల పరీక్ష రిపోర్టు తెచ్చి చదివి చెప్పమంటే, కళ్లజోడు తుడుచుకునే నెపంతో కాసేపు తల దించుకున్నాను. ఈస్ట్రోజెన్ అన్న మాట కనబడితే చాలు, నాకిప్పటికీ మా పిన్నమ్మే గుర్తొస్తుంది.

మా రోజుల్లో పెద్దారవీడు వైపు నుంచి పరిశోధన దాకా పోయిన ఆడపిల్లను నేనొక్కదాన్నేనని, ఆ సంగతి ఇంటికి వచ్చినవాళ్లకల్లా చెప్పి మా నాయన వాళ్ల ప్రాణం తీసేవాడు. నగరంలో ఒక పెద్దాసుపత్రిని ఆనుకుని ఉన్న ప్రయోగశాలలో, ఆపరేషన్లలో తీసేసిన అండాశయాల నుంచి కణాలు వేరుచేసి గాజు పళ్లెంలో బతికించడం, కణాలను పెరగమని పురమాయించే గ్రోత్ ఫ్యాక్టర్‌ను చుక్కచుక్కగా వేసి, అవి చేసే ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్ పెరిగిందో తగ్గిందో కొలవడం నా పని. జబ్బు చేసి తీయక తప్పనివే మనకొస్తాయని ప్రయోగశాల నడిపే మా మేడమ్ మొదటిరోజే చెప్పింది. కన్నతల్లిలా చూసుకునే మనిషి, నమ్మకేం చేస్తాను.

అర్ధవీడులో కూలికి పోయే మా పిన్నమ్మకు నలభై నిండకముందే రక్తస్రావం ఆగకపోతే, నేనే తీసుకుపోయి ఆ పెద్దాసుపత్రిలోనే చేర్చాను. గర్భసంచి మాత్రమే తీస్తామన్నారు. ఇంగ్లీషు ఫారంలో ఏమేం తీస్తారో రాయాల్సిన చోటు ఖాళీగా ఉంటే, డాక్టరు తర్వాత నింపుతారులే అనుకుని పిన్నమ్మ ముందు పెట్టాను.

“నువ్వుండావు గదా పాపా, ఇంక నాకేంది భయం? యాడ ఏయమంటే ఆడ ఏస్తా,” అని వేలిముద్ర వేసింది.

మాకొచ్చే డబ్బాల మీద పేర్లుండవు, కేసు నంబరే ఉంటుంది. ఆ వారం వచ్చిన కణాలు ముచ్చటగా పెరిగితే నేను మురిసిపోయాను. కుట్లు విప్పే రోజు పిన్నమ్మ కేసు షీటు చూస్తే అదే నంబరు, ఆరోగ్యంగా ఉన్న అండాశయాలు రెండూ తీసేసినట్టు రాసి ఉంది. మేడమ్‌ను అడిగితే, పిల్లలు పుట్టాక అవెందుకు, జబ్బువి సరిగా పెరగవు కదా అని, రాసుకుంటున్న కాగితం మీంచి తలెత్తకుండా చెప్పింది. ఒళ్లు మండిపోయింది. అప్పుడే వదిలేసి వచ్చాననుకునేరు, లేదు, ఆ కొలతలన్నీ పూర్తిచేసే వచ్చాను.

పళ్లెంలో ఆ కణాలు చుక్క పడగానే ఈస్ట్రోజెన్ చేస్తూనే ఉండేవి. పిన్నమ్మ మాత్రం ఒంట్లో అది లేక చలికాలంలో కూడా ఒళ్లంతా ఆవిర్లని తడిగుడ్డ కప్పుకునేది, ఎముకలు గుల్లబారి యాభై దాటగానే కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. మా పాప దగ్గరుండి చేయించిందని చెప్పి, పుల్లలచెరువు నుంచి ఇద్దరు ఆడవాళ్లను అదే ఆసుపత్రికి పంపింది కూడా. ఆమె పోయేదాకా నేను నోరు విప్పలేదు.

ఇప్పటి ఆడపిల్లలు ఫారం ఫోటో తీసి నలుగురికి చూపించి, ఏం తీస్తారు, ఎందుకు తీస్తారు అని డాక్టరును నిలదీసిగానీ సంతకం పెట్టడంలేదు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. అట్లా అడిగే నోరు మా పిన్నమ్మకు లేక కాదు, పక్కన నేనున్నానని అడగలేదు.