ఎగిరే పరుపు, నా కుళ్లు

డిగ్రీ అయ్యాక టీచరు పోస్టుల పరీక్ష కోసం ఎదురుచూస్తున్న ఏడాది, వేసవిలో మూడు నెలలు గుంటూరు శివారులో మిరపకాయల తొడిమలు తీశాను. మాది దర్శి దగ్గర పల్లె. గుంటూరులో పిన్ని ఇంట్లో ఉండి కోచింగుకి వెళ్లేదాన్ని. పొద్దున తొమ్మిదింటికల్లా క్లాసులు అయిపోయేవి. పిన్ని ఒక కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో పనికి పోయేది. "ఇంట్లో ఫోను చూస్తా కూర్చునే బదులు నాతో రారాదంటే" అని ఒకరోజు వెంటబెట్టుకుపోయింది.

పని కష్టమైంది కాదు, విసుగైంది. ఎర్రటి గుట్ట చుట్టూ పాతికమంది ఆడవాళ్లం పాత పట్టాల మీద కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కాయ కాయకీ గోటితో తొడిమ గిల్లాలి. మధ్యాహ్నానికి వేళ్లు మండేవి. ఒకళ్లు తుమ్మితే పాతికమందీ అందుకునేవాళ్లు. ఆ విసుగులో నేను నోరు విప్పాను. చూసిన సినిమాలు, చదివిన కథలు ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి నాకొక పేరొచ్చింది. షెడ్డుకి పెద్ద దిక్కు మేస్త్రీ. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం మైకు. ఆవిడ నేను రాగానే, "ఇదుగో టీచరమ్మ వచ్చింది, జరగండే, మధ్యలో కూర్చోనివ్వండి" అనేది. పరీక్ష ఇంకా రాయలేదు, ఉద్యోగం లేదు, కానీ ఆ షెడ్డులో నేను టీచరమ్మని. ఆ నెల రోజులు నా అంత గర్వంగా గుట్ట ముందు కూర్చున్న మనిషి ఇంకెవరూ లేరు.

రెండో నెలలో పొన్నూరు నుంచి ఒకావిడ చేరింది. నలభై ఏళ్లుంటాయి. తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే ఇంటి మనిషి. ఈమధ్య అందరూ ఫోము పరుపులు కొనుక్కుంటున్నారని, గుంటూరులో ఉన్న అక్క దగ్గరికొచ్చి ఈ పనిలో చేరింది. బడి మొహం చూడలేదు. మొదటిరోజు నోరెత్తలేదు. రెండోరోజు నేనో కథ చెబుతూ, ఎగిరే తివాచీ మీద రాకుమారుడు పోతున్నాడన్నాను. అప్పుడు ఆవిడ తలెత్తకుండానే అంది.

"తివాచీ మీద అంత దూరం ఏం పోతాడమ్మా, నడుం పట్టేసిద్ది. మా బాగ్దాదు పిల్ల పరుపు మీద పోయింది."

"ఏ పిల్ల?" అంది మేస్త్రీ.

అంతే. నా రాకుమారుడు ఆ తివాచీ మీద ఆకాశంలోనే ఉండిపోయాడు. ఆయన సంగతి ఈరోజుకీ ఎవరూ అడగలేదు.

ఆవిడ కథలో బాగ్దాదులో పరుపులు కుట్టే పిల్ల ఒకతి ఉంది. ఒకరోజు దూది మూటలో సుల్తాను కూతురు దాక్కుని దొరికింది. నచ్చని పెళ్లి తప్పించుకుని పారిపోయొచ్చింది. ఇద్దరూ కలిసి పాత ఊరగాయ జాడీ మూత తీస్తే అందులోంచి భూతం లేచింది. వెయ్యేళ్లు ఉప్పులో, నూనెలో ఊరింది కదా, భూతానికి ఒళ్లంతా ముడతలు, కోపం ఘాటు. "మిమ్మల్ని మింగేస్తా" అంది. సుల్తాను కూతురు భయపడలేదు. "ముందు స్నానం చేసి రా, వాసనొస్తున్నావ్" అంది. షెడ్డు షెడ్డంతా విరగబడి నవ్వింది. అసలు సంగతేంటంటే ఆ భూతానికి వెయ్యేళ్లుగా నిద్ర లేదు. తనకి సరిపడే పరుపు కుట్టమని అడిగింది. కొండంత భూతానికి దూది ఎక్కడ సరిపోతుంది? అందుకని పిల్లలిద్దరూ పరుపెక్కి మబ్బులు ఏకడానికి బయల్దేరారు.

నేను ఊరుకోలేకపోయాను. "బాగ్దాదులో మిరపకాయ బజ్జీల బండి ఎక్కడుంటుందక్కా? నువ్వు పొన్నూరు సెంటరు చెబుతున్నావు" అన్నాను. ఆ పిల్లలు దారిలో బజ్జీలు తిన్నారని ఆవిడ చెప్పింది మరి.

"నువ్వు గానీ వెళ్లొచ్చావా ఏందే?" అంది మా పిన్ని.

సొంత పిన్ని! కళ్లు తుడుచుకున్నాను. మిరపకాయల షెడ్డులో కళ్లు తుడుచుకుంటే ఎందుకని అడిగేవాళ్లు ఉండరు, అదొక్కటే మేలు.

ఆ తర్వాత రోజూ అదే. ఆవిడ వచ్చి కూర్చోగానే, "పరుపులక్కా, నిన్న మబ్బుల కాడ ఆపావు" అనేవాళ్లు. నన్ను టీచరమ్మ అని పిలవడం మానలేదు. "టీచరమ్మా, కాస్త అటు జరుగు, అక్క మాట వినపడట్లా" అనేవాళ్లు. నేను లైబ్రరీకి పోయి అరబ్బు కథల పుస్తకాలు రెండు తెచ్చి వెతికాను. ఈ కథ ఎక్కడా లేదు. దొంగని పట్టుకున్నంత సంబరంతో మర్నాడు అందరిముందూ అన్నాను: "ఇది ఏ పుస్తకంలోనూ లేదు. ఈవిడ కల్పించి చెబుతోంది."

మేస్త్రీ ఆవిడవైపు తిరిగి, "అమ్మో, ఇదంతా నీ బుర్రలోదేనా!" అంది. అప్పటిదాకా కథని మెచ్చుకున్నవాళ్లు ఆరోజు నుంచి మనిషిని మెచ్చుకున్నారు. నా చేత్తో నేనే ఆవిడకి దండ వేశాను.

కొన్నాళ్లకి ఆవిడ రెండు రోజులు రాలేదు. కూతురికి జ్వరమట. కథ మంచి పట్టులో ఆగింది. పిల్లలిద్దరూ మబ్బుల మూటతో భూతం గుహలోకి అడుగుపెట్టారు. రెండోరోజు మధ్యాహ్నం మేస్త్రీ ఉండబట్టలేక, "టీచరమ్మా, నీకు తెలిసినట్టు నువ్వు చెప్పవే" అంది.

నేను ఆ మాట కోసమే కాచుకున్నాను. ఆ కథని ఇక మళ్లీ లేవకుండా ముగించాలనుకున్నాను. గుహలో భూతం పరుపుల పిల్ల కాళ్లమీద పడిందన్నాను. అది నిజానికి భూతం కాదు, శాపం తగిలిన రాకుమారుడు. పరుపుల పిల్ల జాలిపడి చెయ్యి పట్టుకోగానే శాపం పోయింది. ఇద్దరికీ పెళ్లయింది. సుల్తాను కూతురు బుద్ధి తెచ్చుకుని తండ్రి దగ్గరికి వెళ్లిపోయింది. కథ కంచికి, మనం ఇంటికి.

ఒకామె అడిగింది, "మరి పరుపో?"

"రాణి అయ్యాక పరుపులు కుట్టడం ఎందుకు? మానేసింది."

"నీ చదువు సంతకెళ్ల!" అంది మేస్త్రీ. "ఆకాశంలో తిరిగే పిల్లని పట్టుకొచ్చి పెళ్లి చేసి ఇంట్లో కూర్చోబెడతావంటే? ఆ పని మా అమ్మానాన్నలు మాకు చేశారులే, మళ్లీ నువ్వెందుకు?"

అందరూ నవ్వారు. నేను తల వంచుకుని కాయలు గిల్లాను. తొడిమతో పాటు సగం కాయ కూడా ఊడొచ్చింది.

మర్నాడు ఆవిడ వచ్చింది. కూర్చోకముందే అందరూ నా మీద చాడీలు చెప్పారు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననే అనుకున్నాను, ఆవిడకీ కోపం ఉందని తెలిసేది కదా.

"ఏం చెప్పావమ్మా? మొత్తం చెప్పు, ఒక్కటీ వదలకుండా" అని నావైపు తిరిగి కూర్చుంది. చెప్పాను. ఆవిడ కన్నార్పకుండా విని, గుట్టలోంచి గుప్పెడు కాయలు ముందుకి లాక్కుని మొదలుపెట్టింది.

"టీచరమ్మ చెప్పింది నిజమే. పెళ్లయింది. సుల్తాను కూతురు ఇంటికి పోతున్నానని చెప్పింది గానీ పోలా, గుమ్మం పక్కన నిలబడింది. తెల్లారింది. రాకుమారుడు పక్కకి తిరిగి పడుకున్నాడు. మన పిల్ల కళ్లు ఊరుకోవుగా, కుట్టుపని చేసే కళ్లు. వీడి మెడ కాడ చూసింది. చర్మం మీద కుట్టు! అదీ వంకరకుట్టు. 'ఓరి నీ అసాధ్యం కూలా, ఎవడు కుట్టాడ్రా నిన్ను ఇంత అధ్వాన్నంగా' అని దారం కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. సర్రుమని రాకుమారుడంతా ఊడిపోయాడు. లోపల మన భూతమే, చారల డ్రాయరుతో నిలబడి, 'కనీసం చెప్పి లాగొచ్చు కదండీ' అంటంది."

మేస్త్రీ నవ్వలేక పక్కనున్నామె మీద వాలిపోయింది. మా పిన్నికి దగ్గొచ్చింది. నేనూ నవ్వాను. ఆపుకోలేక, పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వు ఆగాక వచ్చిన కుళ్లు ఉందే, అంతకుముందు పడ్డదంతా దానిముందు ఏపాటిది! నా చెత్త ముగింపుని ఆవిడ కొట్టిపారేయలేదు. ఒక్క ముక్క వృథా పోకుండా వాడుకుంది. అంత చదువుకున్న నాకు ఆ ఒక్క కుట్టు ఎందుకు తట్టలేదు?

ఆ ఏడు పని అయిపోయాక ఎవరిదారిన వాళ్లం పోయాం. నాకు మా ఊరి దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికింది. రాయడం మొదలుపెట్టాను. నాలుగైదు కథలు తిరిగొచ్చాక, ఆ పరుపుల పిల్ల కథ రాసి ఒక పిల్లల పత్రికకి పంపాను. కింద నా పేరే పెట్టుకున్నాను. అచ్చయింది. ఉత్తరాలొచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే మాట: ఆ దారం లాగే ఘట్టం ఎంత బాగుందో! ప్రతి పొగడ్తా ఆవిడకి రాసిన ఉత్తరం పొరపాటున నా ఇంటికి వచ్చినట్టు ఉండేది. చివరికి మా పిన్నినడిగి జాడ తెలుసుకుని, పత్రిక సంచిలో పెట్టుకుని పొన్నూరు వెళ్లాను.

ఆవిడ తిరిగి సొంతూరు చేరి, ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుంది. నన్ను చూసి, "టీచరమ్మా!" అని లేచి చేతులు పట్టుకుంది. నేను తప్పు ఒప్పుకుందామని వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక కథ చదివి వినిపించాను. ఆవిడ మిషను ఆపి విన్నది. డ్రాయరు దగ్గర కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఎంత బాగుందమ్మా! నువ్వే రాశావా?"

"నీ కథేగా అక్కా. షెడ్డులో నువ్వు చెప్పిందే. నీకు చెప్పకుండా నా పేరు పెట్టుకున్నాను."

"నేనా?" అని ఆలోచించింది. "పరుపు మీద పిల్లని పంపినట్టు గుర్తే. ఈ కుట్టు సంగతి నేను చెప్పానంటావా? ఏమో, ఆ పూట నోటికొచ్చింది వాగుంటాను."

నేను తల్చుకుని తల్చుకుని కుమిలిపోయిన ఆ మాట ఆవిడకి గుర్తే లేదు. ఇంకా ఎన్ని అలా నోటికొచ్చి పోయాయో!

"ఈసారి వేస్తే నీ పేరు కూడా వేయిస్తాను" అన్నాను.

"వేయించు, మా అమ్మాయి చదువుకుంటది" అంది తేలిగ్గా. మళ్లీ మిషను తిప్పబోయి ఆగింది. "కానీ టీచరమ్మా, దారం లాగాక దాన్ని పారేయకూడదమ్మా. ఆ దారంతోనే సుల్తాను కూతురు ఆ ఊడిన రాకుమారుణ్ణి రెండు దిండ్లుగా కుట్టాలి. ఒకటి తనకి, ఒకటి మన పిల్లకి. దూరప్రయాణం కదా."

మళ్లీ అదే. అదే కుళ్లు. పక్కన గుడ్డముక్కల బుట్టలో పెన్సిలుముక్క కనిపిస్తే తీసుకుని, పత్రిక అట్ట మీద ఆ మాట రాసుకోవడం మొదలుపెట్టాను. "ఆ తర్వాతో అక్కా?" అని అడిగాను.